పెరటి పొయ్యికి అనుమతి ఎవరిని అడగాలి?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

కార్తీకం వచ్చినా, మాఘమాసపు ముహూర్తాలు ఖాయమైనా ఈ శీర్షికకు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఆరుబయట పొయ్యి పెట్టి వండుకోవటానికి ఎవరి అనుమతి కావాలి? ఈసారి పుటలన్నీ ఆ ఒక్క విషయానికే కేటాయించాము. సమాధానాలు రాస్తున్న నేను కోనసీమలో చాలాకాలం పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. అందువల్ల చట్టంలో ఉన్న మాటతో పాటు, ఊళ్ళో ఆ మాట ఎలా అమలవుతుందో కూడా చెప్పే ప్రయత్నం చేస్తాను.

ప్రశ్న: నమస్కారమండి. మా అమ్మాయి పెళ్ళి మాఘమాసంలో పెట్టుకున్నాము. భోజనాలు ఇంటి దగ్గరే, సుమారు నాలుగు వందల మందికి. పెరట్లో గాడిపొయ్యి తవ్వించి కట్టెల మీదే వండించాలని మా అన్నయ్యగారి పట్టుదల. పెరడు చాలకపోతే వడ్డన పందిరి కొంత వీధిలోకి రావచ్చు. పక్కింటివారిది తాటాకిల్లు. పొయ్యికి పర్మిషన్ రాయించాలంటూ ఒకాయన వచ్చి అయిదు వందలు అడిగి వెళ్ళారు. ఎవరెవరి అనుమతి తీసుకోవాలో తెలియజేయగలరు.
— ఒక పాఠకుడు, రాజోలు మండలం

సమాధానం: ఆ అయిదు వందలూ ఇవ్వకండి. మీ సొంత పెరట్లో, మీ అతిథుల కోసం పొయ్యి వెలిగించటానికి పంచాయతీ ఇచ్చే అనుమతి పత్రమంటూ ఏదీ లేదు. పంచాయతీకి చెల్లించే ప్రతి రూపాయికీ రసీదు ఉంటుంది. రసీదు ఇవ్వనివారికి ఇచ్చిన డబ్బు పంచాయతీ ఖాతాలో చేరదు.

అయితే పొయ్యికి అనుమతి అక్కరలేదన్నంత మాత్రాన నిబంధనలే లేవని అనుకోకూడదు. మంట విషయంలో చట్టం ముందు అడగదు, నష్టమో ప్రమాదమో కనిపించినప్పుడు అడుగుతుంది. మనుషుల ప్రాణాలకు ముప్పు కలిగేటట్లు నిప్పును అజాగ్రత్తగా వాడితే, ఎవరికీ గాయం కాకపోయినా సరే, భారతీయ న్యాయ సంహితలోని 287వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో 285వ సెక్షన్‌గా ఉన్నదే 2024 జూలై 1 నుంచి ఈ అంకెతో అమలులో ఉన్నది. వంటమేస్త్రిని మాట్లాడుకున్నాము కదా, బాధ్యత ఆయనదే అనుకోవటానికి వీలులేదు. స్థలం మీది, పొయ్యి ఎక్కడ తవ్వాలో చూపించింది మీరు.

కనుక ముందు ఆలోచించవలసింది పొయ్యి ఎక్కడ అన్నది. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక ఇంటి గృహప్రవేశానికి కొబ్బరిచెట్ల నీడ బాగుందని సరిగ్గా చెట్టు మొదట్లోనే గాడిపొయ్యి తవ్వారు. పదకొండు గంటలప్పుడు సాంబారు గుండిగ దించుతుండగా పైనుంచి ఎండు కమ్మ ఒకటి జారి నిప్పుల మీద పడింది. వంటమనిషి దానిని గరిటెతో పక్కకు లాగే లోపలే అంటుకున్నది. ఆ ఆకులు గాలికి ఎగిరి పశువులపాక చూరు మీద వాలాయి. పాకలోని దూడ పలుపును కొడవలితో కోసి బయటకు తోలవలసి వచ్చింది. పక్కన బోదెలో నీళ్ళుండబట్టి ఇరవై మంది బకెట్లు అందుకుని పాక వరకే మంటను ఆపగలిగారు. ఆ తరువాత నేను చూడటానికి వెళ్ళిన ప్రతి పెళ్ళి పందిట్లోనూ మొదట తల పైకెత్తి చూడటం అలవాటయింది.

పొయ్యి మీద కొబ్బరిచెట్టు, కరెంటు తీగ, పందిరి చాప ఏదీ ఉండకూడదు. తాటాకు చూరుకు ముప్పై అడుగుల లోపల కట్టెల పొయ్యి పెట్టవద్దని నా సలహా. గడ్డిమేటు ఉంటే ఇంకా దూరం జరగండి. ఇంకొక మాట. మన తీరంలో తెల్లవారుజామున గాలి నేల మీదుగా సముద్రం వైపు పోతుంది, పొద్దెక్కేకొద్దీ సముద్రం మీది నుంచి లోపలికి తిరుగుతుంది. నాలుగు గంటలకు పొగ ఎటు పోతున్నదో చూసి స్థలం నిర్ణయించినవారికి, వంట ముమ్మరంగా సాగే పదకొండు గంటలకు ఆ లెక్క తప్పుతుంది. ముందురోజు మధ్యాహ్నం అదే చోట గుప్పెడు కొబ్బరి పీచు వెలిగించి చూడండి. పక్కింటి చూరు వైపు పొగ వెళితే పొయ్యిని మరో మూలకు మార్చండి. రెండు డ్రముల నీళ్ళు, ఇసుక కుప్ప, తడిపిన గోనె సంచులు పొయ్యి పక్కనే ఉండాలి. బూరెల మూకుడులో నూనె అంటుకుంటే మాత్రం నీళ్ళు పోయకూడదు; కాగిన నూనెలో పడ్డ నీరు ఒక్కసారిగా ఆవిరై మంటను నలువైపులా చిమ్ముతుంది. వెడల్పాటి మూత వేసి, కింద మంట తీసేయాలి. అగ్నిమాపక కేంద్రానికి 101 అన్న సంగతి అందరికీ తెలుసు గాని, ఫోను చేసినప్పుడు ఊళ్ళోకి ఏ వంతెన మీదుగా రావాలో చెప్పే మనిషి ఒకరు ఉండాలి. మన దగ్గర చాలా కాలువ వంతెనలు పెద్ద బండికి చాలవు.

ఇక రాతపూర్వకంగా చేయవలసిన పనులు రెండున్నాయి. లైసెన్సు ఉన్న కల్యాణ మండపంలో కాకుండా మరోచోట వంద మందికి మించి జనం చేరే కార్యక్రమం చేసేవారు కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలని, తడి చెత్తను, పొడి చెత్తను వేరుచేసి అప్పగించాలని ఘన వ్యర్థాల నిబంధనల్లోనే ఉన్నది. ఇది అనుమతి కాదు, సమాచారం. తేదీ, స్థలం, ఎంతమంది వస్తారు, చెత్త ఏం చేస్తారు అన్న నాలుగు విషయాలతో తెల్లకాగితం మీద రెండు ప్రతులు రాసి, ఒకటి పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, రెండవదాని మీద తేదీ, ముద్ర వేయించుకోండి. మధ్యలో ఆదివారమో పండుగో వస్తే అది పనిదినం కాదన్నది గుర్తుంచుకోండి.

రెండవది వీధి. పెరడు మీదే గాని వీధి మీది కాదు. ఊళ్ళోని అంతర్గత వీధి అయితే పంచాయతీని, రోడ్లు భవనాల శాఖ రోడ్డు అయితే ఆ శాఖను అడగాలి, రెండు సందర్భాల్లోనూ పోలీసు స్టేషనులో చెప్పి ఉంచాలి. దారికి అడ్డం కలిగిస్తే న్యాయ సంహితలోని 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల వరకు జరిమానా ఉన్నది. జరిమానా మాట అటుంచండి, అంబులెన్సు పట్టేంత దారి వదలని పందిరి వేయవద్దు. పొయ్యిని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వీధిలోకి తేకండి. తారు రోడ్డు మీద గాడిపొయ్యి వేడికి తారు కరిగి గుంట పడుతుంది.

అన్నం, కూరలు కట్టెల మీద చేసినా కాఫీ, టిఫిన్లకు గ్యాసు తెప్పిస్తారు. వంట కాంట్రాక్టు తీసుకున్నవారు 14.2 కిలోల ఇంటి సిలిండరు వాడకూడదు. 19 కిలోల వాణిజ్య సిలిండరే వాడాలి. ఎల్‌పీజీ సరఫరా, పంపిణీపై 2000 సంవత్సరంలో వచ్చిన ఉత్తర్వు చెప్పేది ఇదే. పౌర సరఫరాల అధికారులు పట్టుకుంటే సిలిండర్లు స్వాధీనం చేసుకుని నిత్యావసర వస్తువుల చట్టం కింద 6ఏ కేసు పెడతారు. ఒకచోట మొత్తం 100 కిలోలకు మించని గ్యాసును మాత్రమే లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చునని 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనలు అనుమతిస్తున్నాయి. అంటే వాణిజ్య సిలిండర్లు అయిదు వస్తే 95 కిలోలు, ఆరవది వస్తే పరిమితి దాటినట్టే. వాటిని నిలబెట్టి ఉంచాలి, కట్టెల పొయ్యికి బాగా దూరంగా ఉంచాలి, గోతిలో మాత్రం పెట్టకూడదు. ఈ గ్యాసు గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండింతల బరువు. లీకయితే పైకి పోకుండా నేలబారుగా పాకి గాడి వంటి పల్లంలో నిలుస్తుంది.

పక్కింటివారికి శుభలేఖ ఇవ్వటానికి వెళ్ళినప్పుడే పొయ్యి సంగతి చెప్పండి, మరోసారి వెళ్ళి చెప్పేంత వరకు ఆగకండి. పెళ్ళినాటి ఉదయం వారి చూరు మీద నీళ్ళు చల్లించే పని మీరే పెట్టుకోండి.

ప్రశ్న: నేను ఇంటి పెరట్లో పూతరేకులు వేసి, కట్టలు కట్టి దుకాణాలకు ఇస్తుంటాను. ఇద్దరు కూలివారు కూడా వస్తారు. ఈమధ్య పక్కన డాబా కట్టుకున్నవారు పొగ వల్ల పిల్లలు దగ్గుతున్నారని, లైసెన్సు లేకుండా వ్యాపారం చేస్తున్నానని పంచాయతీలో చెప్పారు. మా అత్తగారి కాలం నుంచి ఇదే చోట ఇదే పని. నేను ఏం చేయాలండి?
— ఒక పాఠకురాలు, ఆత్రేయపురం మండలం

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. వాటిని విడదీసి చూస్తే దారి కనబడుతుంది.

మొదటిది లైసెన్సు. ఇంట్లోవాళ్ళు తినటానికి వండితే ఆహార భద్రత చట్టం పట్టించుకోదు. అమ్మటం మొదలైన క్షణం నుంచి, అది పెరట్లో అయినా, ఇద్దరు కూలివారితో అయినా, 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వర్తిస్తుంది. మీ వంటి చిన్న తయారీదారులకు పెద్ద లైసెన్సు కాదు, రిజిస్ట్రేషన్ చాలు. ఫోస్కోస్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఫొటో, గుర్తింపు కార్డు, చిరునామా వివరాలతో దరఖాస్తు చేస్తే పద్నాలుగు అంకెల సంఖ్య వస్తుంది. అది వచ్చాక, ఫిర్యాదులో లైసెన్సు లేదన్న భాగం పోతుంది. మీ పని పంచాయతీ లైసెన్సు కావలసిన వృత్తుల జాబితాలో ఉన్నదా అన్నది కార్యదర్శిని రాతపూర్వకంగా అడిగి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు మీద బతికే ఆడవారి కష్టానికి కాగితాల అండ కూడా ఉండాలని నా కోరిక.

రెండవది పొగ. ఇక్కడ పొరుగువారి మాటను తేలికగా తీసుకోవటానికి లేదు. వారి పిల్లల దగ్గు నిజమే కావచ్చు. అందరి ఆరోగ్యానికి హాని కలిగించే వృత్తిని ఆపమనో, మార్చుకోమనో, వేరే చోటికి తరలించమనో ఆదేశించే అధికారం పాత నేర విచారణ స్మృతి స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 152వ సెక్షన్ కింద ఆర్డీవోగారికి ఉన్నది. ఆ ఆదేశాన్ని ఖాయం చేసేముందు మీ మాట కూడా వింటారు. ఎంతోకాలంగా ఇక్కడే చేస్తున్నామన్న వాదన అక్కడ ఎక్కువసేపు నిలబడదు. పొగ తగ్గించటానికి ఏం చేశారన్నదే నిలబడుతుంది.

రేకు వేసేచోట పొగ ఎందుకు వస్తుందో మీకంటే బాగా తెలిసినవారు లేరు. బోర్లించిన కుండ కింద పక్క రంధ్రంలోంచి ఎండు కొబ్బరాకు తోస్తూ ఉంటారు. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కుండ వీపు మీద ఒక్క లాగు లాగితే రేకు లేస్తుంది. మంట ఎక్కువయితే రేకు మాడుతుంది, తగ్గితే అంటుకుంటుంది. అందుకే ఆకు కొద్దికొద్దిగా, ఎడతెగకుండా వేయాలి. ఆ ఆకు ఏమాత్రం పచ్చిగా ఉన్నా పొగే. మొదటి పని, ఆకును వానకు తడవకుండా పాకలో రెండు మూడు వారాలు ఆరనిచ్చాకే వాడటం. రెండవది, పొయ్యి మీద రేకుల కప్పు వేసి, దానికి పొరుగువారి కిటికీ కంటే ఎత్తుగా ఒక పొగగొట్టం పెట్టించటం. మూడవది వేళలు. పిల్లలు బడికి పోయిన తరువాత ఎక్కువ పని జరిగేటట్లు సర్దుకోగలిగితే సగం తగువు తీరిపోతుంది. ఇవి చేసి, చేసినట్టు ఫొటోలతో సహా పంచాయతీకి ఒక ఉత్తరం ఇవ్వండి. రోజంతా ఆ పొయ్యి ముందు కూర్చునేది మీరూ, మీ కూలివారూ కనుక పొగగొట్టం వల్ల మొదట బాగుపడేవి మీ ఊపిరితిత్తులే.

ప్రశ్న: మాది నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంటు. మా బాబు పుట్టినరోజుకు టెర్రస్ మీద వంట పెట్టించాలనుకుంటే కొందరు వద్దంటున్నారు. టెర్రస్ అందరిదీ అయినప్పుడు నాకు హక్కు లేదా?
— ఒక పాఠకుడు, భీమవరం

సమాధానం: అందరిదీ కాబట్టే మీ ఒక్కరి నిర్ణయం చాలదు. టెర్రస్, మెట్లు, లిఫ్టు అన్నీ ఫ్లాట్ల యజమానుల ఉమ్మడి భాగం. అక్కడ వంట చేయాలంటే అసోసియేషన్ సమ్మతి కాగితం మీద ఉండాలి. తేదీ, వేళ, ఎంతమంది, ఏ పొయ్యి అన్నవి అందులో రాయించండి.

సమ్మతి వచ్చినా కట్టెల పొయ్యికి ఒప్పుకోవద్దని వారికీ, మీకూ కూడా చెబుతాను. శ్లాబులోని కాంక్రీటులో ఎప్పుడూ కొంత తేమ ఉంటుంది. దాని మీద నేరుగా మంట పెడితే ఆ తేమ ఆవిరై బయటకు రావటానికి దారి లేక పైపొరను పెచ్చులుగా పేల్చుతుంది, నీరు కారకుండా వేసిన పూత కూడా పాడవుతుంది. మన వానల సంగతి తెలిసిందే కదా, మరుసటి శ్రావణంలో కింది ఫ్లాటు కప్పు చెమ్మగిల్లుతుంది. ఇటుకలు పేర్చి ఇసుక పోసినా గంటల తరబడి మండే పొయ్యికి అది చాలదు. ఇనుప స్టాండు మీద గ్యాసు పొయ్యి అయితే ఫరవాలేదు. సిలిండరును మనుషులతో కలిపి లిఫ్టులో ఎక్కించకండి. కిందికి ఉన్నది ఒకే మెట్లదారి అయితే, ఆ దారికి అడ్డంగా పొయ్యి గాని, కుర్చీలు గాని ఉండకూడదు. గ్యాసు వాసన వస్తే పిలవవలసిన సంఖ్య 1906. నన్నడిగితే, వంట కింద ఖాళీ స్థలంలో చేయించి వడ్డన ఒక్కటే పైన పెట్టుకోండి.

ప్రశ్న: ఏటా కార్తీకమాసంలో మా వీధివాళ్ళమంతా కలిసి వనభోజనాలకు వెళతాము. ఈసారి అనుకున్న కొబ్బరితోటలో గ్యాసు పైపులైను హద్దురాళ్ళు ఉన్నాయి. కాలువ గట్టు మీద పెట్టుకుందామని కొందరు, కోరింగ వైపు వెళదామని కొందరు అంటున్నారు. ఏది సరైనది?
— ఒక పాఠకురాలు, మామిడికుదురు మండలం

సమాధానం: 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో ఏం జరిగిందో మీ మండలంవారికి నేను చెప్పనక్కరలేదు. లీకయిన గ్యాసు ఊరి మీద కమ్ముకుని అంటుకున్న ఆ ఉదయం తరువాత, ఆ హద్దురాళ్ళ మధ్య పొయ్యి వెలిగించే ఆలోచన కూడా ఎవరికీ రాకూడదు. పైపులైను కోసం వాడుక హక్కు తీసుకున్న నేల యజమాని పేరునే ఉంటుంది. కాని అందులో కట్టడం కట్టటాన్ని, చెరువు గాని, బావి గాని తవ్వటాన్ని, చెట్టు నాటటాన్ని 1962 నాటి పైపులైన్ల చట్టంలోని 9వ సెక్షన్ నిషేధిస్తున్నది. గాడిపొయ్యి పేరు అందులో లేకపోవచ్చు గాని, పైపు మీద గడ్డపార దించి, నిప్పు పెట్టే పనికి చట్టం పేరు చెప్పవలసిన అవసరమే లేదు. తోట పెద్దదయితే హద్దురాళ్ళకు బాగా ఎడంగా, పైపులైను మీది గాలి మీ వైపు రాని పక్క చోటు చూసుకోండి. బుసబుసమన్న చప్పుడు, నిలిచిన నీళ్ళలో ఆగకుండా వచ్చే బుడగలు, చుట్టూ పచ్చగా ఉండగా ఒక వరుసలోనే మాడిన గడ్డి కనిపిస్తే ఏమీ వెలిగించకుండా, అక్కడ నిలబడి ఫోను కూడా వాడకుండా దూరం వెళ్ళి, హద్దురాతి మీది నంబరుకు గాని 112కు గాని చెప్పండి.

కాలువ గట్టు జలవనరుల శాఖది. వంట చేసుకోవాలంటే ఆ శాఖ సెక్షన్ కార్యాలయంలో అడగాలి. అడిగినా అంట్లు కాలువలో కడగకూడదు, ఎంగిలాకులు అందులో వేయకూడదు. వేసవిలో కాలువకు నీళ్ళు ఆపే కట్టివేతకు ముందు దిగువ ఊళ్ళవారు మంచినీళ్ళ చెరువులు నింపుకునేది ఆ కాలువతోనే. ప్రజల తాగునీటిని పాడుచేస్తే న్యాయ సంహితలోని 279వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

కోరింగ మడ అడవి అభయారణ్యం. దానికి ముప్పు తెచ్చేటట్లు నిప్పు రాజేయటాన్ని 1972 వన్యప్రాణి చట్టం నిషేధించింది. అక్కడికి వెళితే వండిన భోజనం క్యారియర్లలో తీసుకువెళ్ళండి. ఈ మూడింటికీ బదులు నేనయితే హద్దురాళ్ళు లేని మరో తోట యజమానిని అడుగుతాను. ఉసిరిచెట్టు ఒక్కటి ఉంటే చాలు కదా.

ప్రశ్న: భోజనాలయ్యాక మిగిలిన ఆకులు, గ్లాసులు అదే గాడిపొయ్యిలో వేసి కాల్చేస్తే తప్పా?
— ఒక పాఠకుడు, పాలకొల్లు

సమాధానం: తప్పే. చెత్తను బహిరంగంగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు కట్టించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలయితే 2022 జూలై 1 నుంచి అసలు వాడటమే నిషేధం. అరిటాకులో తిని, స్టీలు గ్లాసులో తాగితే కాల్చవలసినది ఏదీ మిగలదు. ఎంగిలాకులు పశువులు తినగా మిగిలినవి పెంటగోతిలో వేయండి. గాడిలో నిప్పులు నివురు కప్పి రాత్రంతా బతికే ఉంటాయి కనుక నీళ్ళు పోసి, కర్రతో కెలికి, మళ్ళీ పోయండి. మర్నాడు పొద్దున బూడిద మీదుగా చేయి పెట్టి వేడి తగలడం లేదని చూసుకున్నాక దానిని కొబ్బరి పాదుల్లో చల్లి, చీకట్లో ఎవరూ కాలు వేయకముందే గాడిని పూడ్చివేయండి.